ఇన్‌స్లీ దిబ్బ మీద కమోడ్లు

బ్రాంబుల్ నెక్ రేవులో ఆ వారమంతా థర్మన్ ఇన్‌స్లీ ముక్కు మూసుకొనే తిరిగాడు. నిజానికి అక్కడ వాసనేమీ లేదు. ఎవరో పుణ్యాత్ములు కమోడ్లను కడిగి, తోమి, ఎండబెట్టి మరీ పంపారు. అయినా కమోడ్ కమోడే. బాల్టిమోర్‌లో పాత బడులూ హోటళ్ళూ పడగొడితే వచ్చిన పింగాణీ సరుకంతా లారీల్లో తెచ్చి గట్టున గుట్ట పోశారు. కొన్ని ముక్కలు, కొన్ని సగాలు, కొన్ని ఏ దెబ్బా తగలకుండా నోళ్ళు తెరుచుకొని ఆకాశంలోకి చూస్తున్నాయి. పక్కనే బోర్లించిన గంపల్లా కాంక్రీట్ గుమ్మటాలు, ఒళ్ళంతా కన్నాలతో. వీటన్నిటినీ బల్లకట్టు మీదికెత్తి అఖాతంలో ముంచుతారట. వాటి మీద ఆల్చిప్పల పిల్లలు అంటుకొని పెరిగి, నీటి అడుగున చచ్చిపోయిన ఆల్చిప్పల దిబ్బ మళ్ళీ బతుకుతుందట.

"ఛీ!" అని నీళ్ళలోకి ఉమ్మేశాడు థర్మన్. "ఆల్చిప్పంటే మనిషి పచ్చిగా నోట్లో వేసుకొనే వస్తువురా!"

"కూర్చొని చూడు కెప్టెన్. నీ కొలత తీసుకొని చేసినట్టుంది," అన్నాడు హోబర్ట్ వింగేట్, చెక్కు చెదరని ఓ కమోడ్‌ను చూపించి. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు, ఒకే రేవులో పడవలు కట్టారు. హోబర్ట్ ఇప్పుడు ఊరి జాలరుల సంఘానికి పెద్ద.

"నువ్వే కూర్చోరా. నీ నోట్లోంచి వచ్చే సరుక్కి అదే సరిపోతుంది. పట్నం వాళ్ళు ఇన్నేళ్ళూ వాటి మీద కూర్చొని అఖాతంలోకి వదిలారు. అది చాలక ఇప్పుడు ఆ కమోడ్లు కూడా పంపించారు. మనం దండం పెట్టి పుచ్చుకోవాలి!"

గట్టు మీదున్న వాళ్ళంతా నవ్వారు. థర్మన్ నవ్వలేదు. మనిషికి డెబ్బై దాటినా అసహ్యం పడటంలో మాత్రం పడుచుతనం తగ్గలేదు. పడవల్లో ఫోన్లు పెట్టుకొనేవాళ్ళంటే అసహ్యం, ఆల్చిప్పల మీద జున్ను వేసుకొని తినేవాళ్ళంటే అసహ్యం, వారాంతాల్లో తెల్ల బూట్లతో దిగే పట్నం వాళ్ళంటే మరీ అసహ్యం. ఇప్పుడు ఈ కమోడ్లు ఆ జాబితాలో అన్నిటికన్నా పైకెక్కాయి.

కానీ ఆ అసహ్యం అడుగున కొంచెం కులాసా కూడా ఉంది. ఆ దరిద్రమంతా పడబోయేది తన దిబ్బ మీద కాదు. ఆ సంగతి తనకొక్కడికే తెలుసు.

అంతకు ముందు చలికాలంలో మిస్ కెండ్రా ఫాల్క్ అతని ఇంటికి వచ్చింది. దిబ్బలు కట్టే పనికి పెద్ద ఆ అమ్మాయే. మర్యాద తెలిసిన పిల్ల, బూట్లు గుమ్మం బయటే విప్పింది. నీటి అడుగు చూపించే పటం ఒకటి బల్ల మీద పరిచి, "కెప్టెన్ థర్మన్, నేల గట్టిగా ఉన్న చోట్లు రెండు దొరికాయి. వీటిలో మీ నాన్నగారి దిబ్బ ఏది? ఒకప్పుడు నిజంగా ఆల్చిప్పలు బతికిన చోటే కట్టాలని మాకు షరతు," అంది.

అబద్ధమాడాలని థర్మన్ అనుకోలేదు. వేలు దానంతట అదే రెండో చోటు మీదికి పోయింది.

ఆ ఊళ్ళో మగవాడు తన భార్య వయసెంతో చెబుతాడు. తాగి చేసిన వెధవ పనులన్నీ పాస్టరు దగ్గర ఏడ్చి మరీ చెబుతాడు. తన గుర్తులు మాత్రం చెప్పడు. ఒడ్డున ఏ గోపురాన్ని ఏ చెట్టుతో కలిపి చూస్తే పడవ సరిగ్గా దిబ్బ మీద నిలుస్తుందో, అది తండ్రి చచ్చిపోయే ముందు కొడుకు చెవిలో చెప్పే మాట. ఎవరైనా అడిగితే తప్పు చోటు చూపించడం అక్కడ మోసం కిందికి రాదు, మర్యాద కిందికే వస్తుంది. ఇన్‌స్లీ దిబ్బ ఎక్కడుందో థర్మన్ కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. దిబ్బకు వెళ్ళేటప్పుడు ముందు దక్షిణంగా వెళ్ళి, రెల్లు దుబ్బుల చుట్టూ తిరిగి, ఎవరూ చూడటం లేదనుకున్నాక ఉత్తరానికి మళ్ళేవాడు. పాడు రోగం వచ్చి దిబ్బ చాలావరకు చచ్చిపోయింది. అయినా ఏటా పొడవాటి కర్రల పట్టకారు దింపి గీరితే నాలుగు బతికినవి వచ్చేవి. అవి ఎప్పటికైనా మళ్ళీ నిండుతాయని అతని ఆశ. కమోడ్లు పోసిన చోటును సర్కారు వాళ్ళు శాశ్వతంగా మూసేస్తారు, ఇక అక్కడ ఎవరూ ఒక్క చిప్ప తీయడానికి వీల్లేదు. వేలు పక్కకు పోక ఏం చేస్తుంది?

రెండో చోటు పేరు గల్ పాయింట్ మలుపు. అక్కడ ఎవరికీ ఏమీ లేదని థర్మన్ నమ్మకం.

బల్లకట్టు మొదటి విడత సరుకు ముంచి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు పీతల కాలం మొదలైంది. మొదటి రోజే థర్మన్ కూతురు నోలా మధ్యాహ్నం కాకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

నోలా మొగుణ్ణి వదిలేసి వచ్చిన దగ్గర్నుంచి పీతల మీదే బతుకుతోంది. ఉప్పులో ఊరేసిన పాము చేప ముక్కలు కట్టిన పొడవాటి తాడును నీటి అడుగున పరిచి, దాని వెంట మెల్లగా పడవ నడుపుతూ, ఎరను పట్టుకొని పైకి వచ్చిన పీతల్ని వలగరిటెతో ఎత్తుకోవాలి. తాడు పరిచే చోటు ఎవరిది వాళ్ళదే. రాతకోతలేమీ లేవు గానీ, ఇంకొకరి చోట తాడు వేసినవాడికి ఊళ్ళో ఎవరూ పలకరింపు కూడా ఇవ్వరు.

ఆ తాడే ముద్దగా చుట్టుకొని తెచ్చి వంటింటి మధ్యలో పడేసింది. కుళ్ళిన పాము చేప కంపు ఇల్లంతా కొట్టింది. థర్మన్‌కు ఆ కంపు పుట్టినప్పటి నుంచీ అలవాటే. అతను ముక్కు మూసుకున్నది మాత్రం తాడు మధ్యలో చిక్కుకొని వచ్చిన వస్తువును చూసి. అరచేతంత తెల్ల పింగాణీ ముక్క. సీటు బిగించడానికి చేసిన కన్నం కూడా ఉంది.

"చూడు డాడీ, ఇవాళ నాకు పడ్డ పీత!" అంది నోలా.

"ఎక్కడిదే ఇది?"

"నా తాడు వేసే చోటిది."

"అదే, ఎక్కడ?"

నోలా నీళ్ళు నమిలింది. అంత కోపంలోనూ చోటు పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చివరికి గొంతు తగ్గించి, "గల్ పాయింట్ మలుపు. ఎవరికీ చెప్పకు," అంది.

థర్మన్ చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "నువ్వు తాడు వేసేది పాత కయ్య పాయలో కదా? రోజూ అటేగా వెళతావు?"

"అలా అనుకోవాలనే కదా అటు తిప్పుకొని వెళ్ళేది! నువ్వు నేర్పిందే." కుర్చీ లాక్కొని కూలబడింది. "మూడు చోట్ల తెగింది తాడు. అడుగంతా కమోడ్లే, గుమ్మటాలే. ఇక అక్కడ తాడు పడదు. వేరే చోటు వెతుక్కుందామంటే ఖాళీ ఏది? అన్నీ ఎవడో ఒకడివే. కోళ్ళ ఫ్యాక్టరీలో పేగులు లాగే లైన్లో మనుషులు కావాలట. వచ్చే దారిలో అడిగితే, ఈ సోమవారం కాదు, పై సోమవారం నుంచి రమ్మన్నారు."

కోళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళిన ఆడవాళ్ళను థర్మన్ చూశాడు. చేతులు వంకర్లు పోయి, ఎన్ని సబ్బులు అరగదీసినా పోని వాసనతో, చర్చిలో వెనక బల్ల మీద విడిగా కూర్చుంటారు. నోలా ఆరేళ్ళప్పుడే పడవ ముక్కున నిలబడి గాలికి ఎదురు కేకలు పెట్టిన పిల్ల.

"ఆ మిస్ కెండ్రాను అడగలేకపోయావా, తీసెయ్యమని?"

"రేవులోనే అడిగాను. అసలైన దిబ్బ అది కాదని తేలితే, క్రేన్ పెట్టి పైకి తీసి అసలు దిబ్బ మీదికి మారుస్తామంది. మంగళవారం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్. అక్కడ తేలకపోతే రేవులో ఉన్న గుట్టంతా కూడా నా చోటు మీదే పోస్తారు." తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. "ఏ ముసలి వెధవ చూపించాడో గానీ ఆ చోటు!"

ఆ ముసలి వెధవ తలొంచుకొని తన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. భార్య ఎర్మా బతికున్నన్నాళ్ళూ అతను ఏ వేళకు పడవ కట్టి గుమ్మంలో అడుగుపెట్టినా కాఫీ పొగలు కక్కుతూ ఎదురొచ్చేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో వేడి కాఫీ అన్న మాటే లేదు. ఇంట్లో ప్రతి కిటికీకీ పూల తెరలు కుట్టింది ఎర్మా, ఈ వంటింటి కిటికీకి తప్ప. దీనికీ కుట్టమంటే, "గిన్నెలు తోమడానికి వెలుతురు కావాలి, నీకేం తెలుసు వంటింటి సంగతి," అని కసిరేది. ఆ కిటికీ ఎండ నేరుగా కళ్ళలో పడుతుందని థర్మన్ ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు హోబర్ట్ దగ్గరికి వెళ్ళాడు. హోబర్ట్ తన సామాన్ల కొట్టులో కూర్చొని పీపాలో ఎరకు ఉప్పు పట్టిస్తున్నాడు. చుట్టూ ఈగలు. థర్మన్ తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తను చూపించింది అబద్ధపు చోటనీ, నోలా చోటు ఆ కమోడ్ల కింద పడి నలిగిపోయిందనీ.

హోబర్ట్ ఇంకో గుప్పెడు ఉప్పు చల్లాడు. "నోరు మూసుకొని కూర్చోరా థర్మన్. అసలు చోటు చెప్పావంటే దాన్ని మూసేస్తారు. ఇంకా బతికినవి ఉన్నాయి కదా అక్కడ."

"మరి నా కూతురు కోడి పేగులు లాక్కుంటూ కూర్చోవాలా?"

"నేనలా అనలేదు."

"ఇంకెలా అన్నావు?"

హోబర్ట్ పీపాలోకి వంగి ఎర సర్దాడు. థర్మన్ తలుపు దడాలున వేసి బయటికి వచ్చాడు. దారిలో ఒక అనుమానం దోమలా చెవి దగ్గర రొద పెట్టింది. బతికినవి ఉన్నాయని వీడికెలా తెలుసు? నేనే ఎప్పుడో నోరు జారి ఉంటానులే అని దాన్ని తోలేశాడు.

మంగళవారం హాలు నిండిపోయింది. గుమ్మం పక్కన అగ్నిమాపక దళం ఆడవాళ్ళు వేయించిన ఆల్చిప్పల శాండ్‌విచ్‌లు అమ్ముతున్నారు. ఆ నూనె వాసనకు మామూలు రోజుల్లో థర్మన్‌కు నోరూరేది. ఇవాళ అటు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో జాలర్లంతా టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకొని బల్లలు నింపేశారు. నోలా వెనక గోడకు ఆనుకొని నిలబడింది. ముందు మిస్ కెండ్రా, ఆమె వెనక గోడ మీద పెద్ద పటం.

"గల్ పాయింట్ దగ్గర పీతల తాళ్ళు తెగుతున్నాయని ఫిర్యాదు వచ్చింది," అంది మిస్ కెండ్రా. "ఇన్‌స్లీ దిబ్బ అదే అయితే మేము చేయగలిగింది లేదు. అది కాదని ఎవరైనా చెబుతారా?"

ఎవరూ కదల్లేదు. థర్మన్ లేచాడు.

"నేను చూపించింది అబద్ధం. మా దిబ్బ అది కాదు."

బల్లల మీది తలలన్నీ అటు తిరిగాయి.

"చర్చి శిలువ పాత డబ్బాల ఫ్యాక్టరీ పొగగొట్టానికి ఎడమ అంచున తగలాలి. అవతలి గట్టున రెండు దేవదారు చెట్ల సందులో మా ఇంటి కొట్టు తలుపు కనబడాలి. ఆ రెండూ కలిసిన చోటే ఇన్‌స్లీ దిబ్బ. మా నాన్న నా చెవిలో చెప్పాడు. ఇప్పటి దాకా నా నోట్లోంచి బయటికి రాలేదు." పటం వైపు చెయ్యి విసిరాడు. "కావలసినన్ని కమోడ్లు పోసుకోండి. మూసేసుకోండి. నా పిల్ల చోటు మీంచి మాత్రం ఆ దరిద్రం తీసెయ్యండి."

అన్నాక తల ఎత్తలేకపోయాడు. బట్టలు విప్పి నడి బజార్లో నిలబడ్డట్టుంది.

మిస్ కెండ్రా పటంలో మొదటి చోటు మీద వేలు పెట్టింది. "ఇదన్న మాట. కెప్టెన్, కోప్పడకండి. ఒకసారి ఒకటి చెప్పారు, ఇప్పుడొకటి చెబుతున్నారు. మీ ఒక్క మాట మీద మార్చడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. ఈ చోట ఇంకెవరైనా ఆల్చిప్పలు తీసినవాళ్ళు ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి చాలు."

థర్మన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిచ్చి పిల్ల! ఎవరెత్తుతారు? ఎవరికి తెలుసని? అయిపోయింది, నోలా చోటు పోయినట్టే, సోమవారం నుంచి కోడి పేగులే.

ముందు బల్లలో ఓ చెయ్యి లేచింది. హోబర్ట్ చెయ్యి.

"దాని పడమటి పక్క చిప్పలు బాగుండేవి," అన్నాడు హోబర్ట్, పటాన్ని చూస్తూ. థర్మన్ వైపు చూడలేదు.

తర్వాత అతని పక్కవాడి చెయ్యి. ఆ తర్వాత మూలనున్న పొట్టి బైరన్‌ది. ఆ వెనక బల్లంతా. తేలు కుట్టిన దొంగల్లా, భుజం దాటకుండా, ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. ముసలివాళ్ళవి, వాళ్ళ కొడుకులవి. ఉప్పుకు పగిలిన చేతులు, వేళ్ళు పోయిన చేతులు. ఎర్మా శవపేటికను మోసిన చేతులు. పాడు రోగం వచ్చి మా దిబ్బ చచ్చిపోయిందిరా అని అతను ఏడ్చిన ప్రతిసారీ, అవును కెప్టెన్, పాడు రోగమే అని వీపు నిమిరిన చేతులు.

అయితే ఆ రోగం ఇదన్న మాట. ఇదంతా ఈ హాల్లోనే కూర్చొని, శాండ్‌విచ్‌లు తింటోంది!

థర్మన్ నోరంతా చేదైపోయింది. ఎత్తకపోతే నోలా చోటు పోతుందని వాళ్ళకు తెలుసు. ఎత్తితే ఇన్నాళ్ళ దొంగతనం బయటపడుతుందనీ, మిగిలిన నాలుగు చిప్పలు కూడా దక్కవనీ తెలుసు. అయినా ఎత్తారు. అందుకు వాళ్ళను కావలించుకోవాలో, వరసపెట్టి మొహాన ఉమ్మాలో అతనికి తేలలేదు. ఉమ్మడానికే మనసు ఎక్కువ లాగింది.

మొహం తిప్పుకుందామని వెనక్కి చూశాడు. గోడ దగ్గర నోలా చెయ్యి కూడా లేచి ఉంది.

ఇద్దరూ ట్రక్కులో ఇంటికి వచ్చారు. వాకిట్లో ఆగాక థర్మన్ ఇంజను ఆపకుండానే అడిగాడు. "ఎవడు తీసుకెళ్ళాడే నిన్ను? హోబర్టా?"

"అమ్మ."

"ఏ అమ్మ?"

"నాకెంతమంది ఉన్నారు డాడీ? మా అమ్మే. నువ్వు కాలు విరిగి మంచంలో పడ్డ చలికాలం. నీ పట్టకారు తీసుకొని పొద్దున్నే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. చర్చి వాళ్ళు ఇల్లు గడుపుతున్నారని నీకు చెప్పింది. చర్చి వాళ్ళు ఇచ్చింది ఒక్క దుప్పటే."

"దానికెలా తెలుసు గుర్తులు? నేనెప్పుడూ..."

"గుర్తులెందుకు? రా, చూపిస్తా."

వంటింట్లోకి తీసుకెళ్ళి, తండ్రిని భుజాలు పట్టుకొని కిటికీ వైపు తిప్పింది. తొట్టి దగ్గర, గిన్నెలు తోమే చోట నిలబెట్టింది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినా అక్కడ అతనెప్పుడూ నిలబడలేదు. పక్కనే కొట్టు. దాని ముందు రెండు దేవదారు చెట్లు. వాటి సందులో, ఏ రెల్లూ ఏ దుబ్బూ అడ్డం లేకుండా, గోడకు తగిలించిన పటంలా నీళ్ళు. సరిగ్గా మధ్యలో ఇన్‌స్లీ దిబ్బ ఉన్న చోటు. అతను దక్షిణంగా తిరిగి, దొంగలా నక్కి నక్కి చేరుకున్న చోటు.

"ఈ కిటికీ పక్కన కూర్చొని అమ్మ పెట్టిన కేకు తిననివాడు ఊళ్ళో ఎవడున్నాడు?" అంది నోలా. "నువ్వొక్కడివే వీపు తిప్పి కూర్చునేవాడివి."

థర్మన్ తొట్టి అంచు పట్టుకున్నాడు. "మరి నువ్వు... నీ చోటు పోతోంటే, కోళ్ళ ఫ్యాక్టరీకి పోవాల్సి వస్తోంటే, తెలిసి కూడా నోరు విప్పలేదేం?"

"నీ దిబ్బ. నీ గుర్తులు. నేనెలా చెబుతాను?"

థర్మన్ మళ్ళీ కిటికీలోంచి నీళ్ళ వైపు చూశాడు.

"పిచ్చి డాడీ," అంది నోలా. "నువ్వెప్పుడు వచ్చినా కాఫీ వేడిగా ఎలా ఉండేదనుకున్నావు? నీ పడవ ముక్కు ఇటు తిరగ్గానే పొయ్యి వెలిగించేది."

వారం తిరక్కుండా గల్ పాయింట్ మలుపు ఖాళీ అయింది. నోలా కొత్త తాడుకు ఎర కట్టుకొని వెళ్ళింది, పాత కయ్య వైపు తిప్పుకొనే వెళ్ళింది. ఆ పొద్దున థర్మన్ వంటింటి కిటికీ ముందుకు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. దేవదారు చెట్ల సందులోకి బల్లకట్టు వచ్చి ఆగింది. క్రేన్ తల వంచి, లేచింది. తెల్లటి కమోడ్ ఒకటి నోరు తెరుచుకొని గాల్లో వేలాడుతూ ఓ క్షణం అటూ ఇటూ ఊగి, అతని తాతల దిబ్బ మీద దబ్బున పడింది. చప్పుడు కాస్త ఆలస్యంగా కిటికీ దాకా వచ్చింది.

"ఛీ," అన్నాడు థర్మన్. ఈసారి కమోడ్‌ను అనలేదు.

చేతిలో కాఫీ చల్లారిపోయి ఉంది. మొహం చిట్లించుకొని, అలాగే తాగాడు.